మా ఇంట్లో డబ్ల్యూసీడబ్ల్యూ, మావయ్యగారింట్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్

మా పాత టీవీకి పన్నెండు బటన్లే ఉండేవి. పన్నెండు బటన్లు, పన్నెండు చానళ్లు. కేబుల్ అబ్బాయి ఎంతసేపు తిప్పినా స్పోర్ట్స్ చానల్ అందులో పడలేదు. "ఇది పాత మోడల్ అండీ, ఆ బ్యాండు దీనికి అందదు. కొత్త టీవీ కొనుక్కుంటే అన్నీ వచ్చేత్తాయండి" అని చెప్పి, పదకొండో బటన్‌కి కార్టూన్ నెట్‌వర్క్ పెట్టి వెళ్లిపోయాడు. నాలుగిళ్ల అవతల మావయ్యగారింట్లో రిమోట్ ఉన్న కొత్త కలర్ టీవీ. అక్కడ అన్నీ వచ్చేవి. డబ్ల్యూసీడబ్ల్యూ, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అమెరికాలో రెండు కుస్తీ కంపెనీలు. నేను డబ్ల్యూసీడబ్ల్యూ మనిషిని కావడానికి, మా బావ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ మనిషి కావడానికి మొదటి కారణం అదే. ఆ పోట్లాట మా ఇద్దరి మధ్యా ఇప్పటికీ తెగలేదు.

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర ఊరు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను గురించి మావైపు ఎవరినడిగినా చెబుతారు. తెల్లారి లేచి చూస్తే మా తోటలో నిలబడ్డ కొబ్బరి చెట్లకంటే పడ్డవే ఎక్కువ. కరెంటు స్తంభాలు నేలకొరిగాయి. వారాల తరబడి కిరసనాయిలు దీపాలే. మళ్లీ స్తంభాలు పాతి వైర్లు లాగాక, మరుసటి వేసవిలో ఆ స్తంభాల మీదుగానే మా వీధికి కేబుల్ వచ్చింది. అప్పటికి నేను ఏడో తరగతి. బావ నాకంటే ఏడాది పెద్ద.

పదకొండో బటన్‌లో పగలంతా కార్టూన్లు. రాత్రి అవి అయిపోగానే అదే చానల్ టీఎన్‌టీగా మారిపోయేది. పాత ఇంగ్లీషు సినిమాలు, వారానికోసారి డబ్ల్యూసీడబ్ల్యూ నైట్రో. ఆ చానళ్లూ, ఆ కుస్తీ కంపెనీ కూడా టెడ్ టర్నర్ అనే ఒకే ఆయన కట్టినవని తర్వాత చదివాను. అమెరికాలో 1995 సెప్టెంబరులో నైట్రోని సరిగ్గా డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వాళ్ల 'రా' వచ్చే సోమవారం రాత్రే మొదలుపెట్టారట. ఒకే రోజు, ఒకే వేళ, రెండు కంపెనీలు. ఎటు చూస్తావో తేల్చుకోమని జనాన్నే అడిగినట్టు. మాకు ఆ సంగతేమీ తెలియకుండానే మా వీధిలో అదే జరిగింది.

నేను మొదటిసారి చూసిన రాత్రి ఇప్పటికీ కళ్లముందుంది. స్టేడియం పైకప్పు దూలాల మధ్య ఒకడు నిలబడి ఉన్నాడు. నల్లటి పొడుగు కోటు, ముఖమంతా తెల్లరంగు, కళ్ల చుట్టూ నల్లరంగు, చేతిలో బ్యాట్. కింద రింగులో ఎన్‌డబ్ల్యూఓ అనే ముఠావాళ్లు నలుగురు చేరి ఒకణ్ణి కొడుతున్నారు. పైనున్నవాడు అరవడు, మాట్లాడడు, చూస్తూ ఉంటాడు. ఉన్నట్టుండి తాడు పట్టుకుని కిందికి దిగాడు. జనం అరుపుకి మా టీవీ స్పీకరు గరగరలాడింది.

మా తాతయ్య మంచం మీద కూర్చుని వక్క కత్తిరించుకుంటూ ఓరకంట చూస్తున్నారు. "సంక్రాంతికొచ్చే పగటివేషగాడిలా ఉన్నాడు. వాడు మాట్లాడ్డేంట్రా?" అన్నారు.

నాకూ అప్పటికి తెలీదు. కొన్ని వారాలు చూసి, క్లాసులో ఇంగ్లీషు బాగా వచ్చినవాణ్ణి అడిగి, కథ అల్లుకున్నాను. వాడి పేరు స్టింగ్. కంపెనీకి ఎప్పటినుంచో నమ్మకస్తుడు. 1996 జులైలో హల్క్ హోగన్, అన్నాళ్లూ మంచివాడుగా ఉన్న హోగన్, కెవిన్ నాష్, స్కాట్ హాల్‌లతో కలిసిపోయి ఎన్‌డబ్ల్యూఓ అని ముఠా కట్టాడు. వాళ్లు స్టింగ్ వేషం వేరొకడికి వేసి తెచ్చారు. సొంత స్నేహితులే అది నిజమని నమ్మి స్టింగ్‌ని అనుమానించారు. ఆ మాటకి మనసు విరిగి స్టింగ్ నోరు కట్టేసుకున్నాడు. కుస్తీ పట్టడం మానేశాడు. వారం వారం పైకప్పు మీంచి చూస్తున్నాడు, అంతే.

ఇదంతా చెప్తే తాతయ్య వక్కకత్తెర పక్కన పెట్టారు. "అయితే వీడు అజ్ఞాతవాసంలో ఉన్నాడన్నమాట" అన్నారు. "మరి ఉత్తర గోగ్రహణం ఎప్పుడు?"

ఇక అప్పట్నుంచి వారం వారం అదే ప్రశ్న. "ఏరా, గోగ్రహణం వచ్చిందా?" ఇంగ్లీషు ముక్క రాని మా తాతయ్యకి ఆ కథ ఎక్కడికి పోవాలో తెలుసు. అజ్ఞాతవాసం ఎంత పొడుగైతే జమ్మిచెట్టు మీంచి గాండీవం దింపేటప్పుడు ఒళ్లు అంతగా గగుర్పొడవాలి. కుర్రాడిగా ఉన్నప్పుడు తాతయ్య రాత్రి రాత్రంతా మేలుకుని నాటకాలు చూసిన మనిషి. మా హైస్కూల్లో ఒక మాస్టారు "అదంతా ఉత్తుత్తి కొట్లాట్రా, ముందే మాట్లాడుకుంటారు" అని క్లాసులో అంటే నేను ఇంటికొచ్చి ఏడుపు ముఖం పెట్టాను. తాతయ్య ఒక్కటే అడిగారు. "రాయబారం నాటకంలో కృష్ణుడు నిజం కృష్ణుడా? సంధి కుదరదని ముందే తెలీదా మాకు? మరి ఆ పద్యానికి ఒన్స్‌మోర్ ఎందుకు కొడతాం?" ఆ రోజు నుంచి 'అదంతా ఫేక్' అన్నవాళ్ల మీద నాకు కోపం రాలేదు. గెలుపెవరిదో ముందే రాసుకున్నా, ఆ పడడం, ఆ దెబ్బ, ఆ నడుం విరగడం నిజమే. పద్యం బాగా పాడాడా లేదా అన్నదే నా బాధ. నా కోపాలన్నీ ఆ తర్వాత దాని మీదే వచ్చాయి.

బావతో పోట్లాట ఎక్కువగా సైకిళ్ల మీద జరిగేది. కాలవగట్టు మీద బడికి వెళ్తూ వస్తూ. వాడికి అండర్‌టేకర్, స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్, రాక్. రాక్‌లా ఒక కనుబొమ్మ పైకి లేపడం అద్దం ముందు నేర్చుకున్నాడు. నేను ఏ మాటన్నా జవాబివ్వకుండా కనుబొమ్మ లేపేవాడు. అంతకంటే మంట పుట్టించేది ఇంకోటుంది. తీర్థాల్లో, బడి ముందు బడ్డీకొట్లో ట్రంప్ కార్డులు అమ్మేవారు. ఎత్తు, బరువు, ఛాతీ, కండలు, అన్నీ అంకెలు. మా ఊళ్లో దొరికినవన్నీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కార్డులే. "మీవాళ్లు కార్డుల్లోనే లేరు కదరా" అనేవాడు బావ. ఆ ఒక్క మాటకి నా దగ్గర జవాబుండేది కాదు. ఒకసారి నోటుపుస్తకం అట్ట కత్తిరించి, స్టింగ్‌కీ గోల్డ్‌బర్గ్‌కీ నేనే కార్డులు చేసుకున్నాను. బావ వాటిని ఆటలోకి రానివ్వలేదు.

మా రింగు పీచు మిల్లు వెనకాల ఉండేది. కొబ్బరి పొట్టు గుట్టలుగా పోసేవారు అక్కడ. మెత్తగా పరుపులా ఉంటుంది. నాలుగు సరుగుడు కర్రలు పాతి, కొబ్బరి తాళ్లు మూడు వరసలు కట్టేవాళ్లం. ఒకసారి బావ నన్ను ఎత్తి వెనక్కి వేయబోతే చెయ్యి కిందపడి మోచేయి బెణికింది. పది రోజులు కట్టుతో తిరిగాను. అమ్మ తాళ్లన్నీ తెంపి పొయ్యిలో పెట్టింది. పొట్టు వాసన మాత్రం ఈరోజుకీ ఎక్కడ తగిలినా నాకు ముందు గుర్తొచ్చేది ఆ రింగే.

1997 డిసెంబరు 28. స్టార్‌కేడ్, మావాళ్ల ఏడాది చివరి పెద్ద షో. స్టింగ్, హోగన్. ఏడాదికి పైగా మడిచి పెట్టిన కథ విప్పే రోజు.

అమెరికాలో డబ్బు కట్టి చూసే పెద్ద షోలు మా టీవీకి రావు. నైట్రోలో ఆ తర్వాత చూపించిన ముక్కలే మాకు దిక్కు. స్టింగ్ గెలిచాడని, ఛాంపియన్ బెల్ట్ పైకెత్తాడని చూశాం. తాతయ్యకి చెప్పాను. ఆయన సంతోషించారు. కానీ ఆ ముక్కల్లోనే ఏదో తేడా కొట్టింది. ఏంటంటే చెప్పలేకపోయాను. రెండు వారాలైనా తిరక్కముందే ఆ గెలుపు చెల్లదని స్టింగ్ దగ్గర బెల్ట్ లాగేసుకున్నారు. ఫిబ్రవరిలో మళ్లీ గెలిచాడనుకోండి, అప్పటికి ఆ వేడి పోయింది.

మొత్తం మ్యాచ్ చూడగలిగింది చాలా ఏళ్ల తర్వాత, అమలాపురంలో ఒక నెట్ సెంటర్లో. గంటకి ఇరవై రూపాయలిచ్చి, ఆగి ఆగి లోడయ్యే వీడియోలో. చూస్తుంటే పొట్టలో దేవినట్టయింది. మ్యాచ్‌లో ఎక్కువ భాగం హోగన్‌దే. చివర్లో హోగన్ స్టింగ్‌ని పడేసి పైన పడుకుంటే రిఫరీ మోసం చేసి గబగబా మూడు లెక్కపెట్టాలి. అది కథ. రిఫరీ మామూలుగానే లెక్కపెట్టాడు. అంటే చూసేవాడి కంటికి హోగన్ న్యాయంగానే గెలిచేశాడు. అప్పుడు బ్రెట్ హార్ట్ అనే ఇంకో కుస్తీవాడు వచ్చి ఇది మోసమని గోల చేసి మ్యాచ్ మళ్లీ మొదలుపెట్టించాడు. ఆఖరికి స్టింగ్ తన స్కార్పియన్ డెత్‌లాక్ పట్టు వేసి గెలిచాడు. గెలిచినా గెలిచినట్టు లేదు. ఏడాది పాటు అజ్ఞాతవాసం చేయించి, జమ్మిచెట్టెక్కించి, ఆయుధాలు దింపించి, తీరా యుద్ధంలో పద్యం మింగేశారు. ఎవరి తప్పో నేను తేల్చలేను. హోగన్ కాంట్రాక్టులో తన కథ మీద తనకే అధికారం ఉండేదని మాత్రం అందరూ చెప్పుకున్నదే. ఏ కంపెనీ అయినా తన హీరో చేతికి గెలుపు శుభ్రంగా ఇవ్వలేకపోతే ఇక ఎందుకది? తాతయ్య అప్పటికి లేరు. ఉంటే ఈ సంగతి ఆయనకి చెప్పేవాణ్ణి కాదేమో.

నా డబ్ల్యూసీడబ్ల్యూ వరసగా ఎనభై మూడు వారాలు టీవీ రేటింగుల్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వాళ్లని ఓడించింది. అభిమానులందరికీ ఆ అంకె నోటికొచ్చు. 1998 ఏప్రిల్లో ఆ వరస తెగింది. తెగడానికి ఆస్టినే కారణం అంటాడు బావ. ఆస్టిన్‌కి నేను దణ్ణం పెడతాను. కానీ అదే ఆస్టిన్ 1995 దాకా మా దగ్గరే ఉన్నాడు. గాయమై ఇంట్లో ఉన్నవాణ్ణి పనికిరావని తీసేశారు. అండర్‌టేకర్ ఆ పేరు పెట్టుకోకముందు మా దగ్గరే. మ్యాన్‌కైండ్ మా దగ్గరివాడే, కాక్టస్ జాక్ పేరుతో. ట్రిపుల్ హెచ్ కూడా ఒక ఏడాది మా దగ్గర ఉండి వెళ్లినవాడే. ఈ వరసంతా తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. బావ గోడ మీద అంటించుకున్న బొమ్మల్లో సగం మేము గుమ్మం బయటికి నెట్టినవాళ్లే.

ఉన్నవాళ్లనైనా చూసుకున్నారా అంటే అదీ లేదు. నైట్రో మొదటి గంటలో రే మిస్టీరియో, ఎడ్డీ గెరెరో, డీన్ మలెంకో, క్రిస్ జెరికో ఆడేవారు. చిన్న మనుషులు, గాల్లో పక్షుల్లా. బావ మా ఇంటికొచ్చినప్పుడు వాళ్లని చూసి కనుబొమ్మ దించి, నోరు తెరుచుకుని కూర్చునేవాడు. అంత గొప్పవాళ్లని పైకి రానిచ్చేవారు కాదు. పై మెట్టు మీద హోగన్, నాష్, వాళ్ల వాళ్లు కాళ్లు చాపుకుని కూర్చున్నారు. చివరికి జెరికో 1999లో, ఎడ్డీ, మలెంకో 2000 జనవరిలో అటు వెళ్లిపోయారు. వెళ్లినందుకు నేను వాళ్లనేమీ అనను. పాలేరుకి కూడా కూలి సరిగ్గా ఇచ్చి మర్యాదగా చూడకపోతే పక్క కమతానికి పోతాడు.

గోల్డ్‌బర్గ్ మిగిలాడు. 1998 జులైలో హోగన్‌ని పడగొట్టి బెల్ట్ గెలిచినప్పుడు నేను మా వీధంతా పరిగెత్తాను. బావకి మొదటిసారి మాట రాలేదు. ఓటమే లేకుండా వస్తున్నవాణ్ణి డిసెంబరు స్టార్‌కేడ్‌లో కరెంటు షాకిచ్చి నాష్‌కి ఓడించారు. సరే, ప్రతీకారం ఉంటుంది కదా అనుకున్నాను.

అప్పుడొచ్చింది 1999 జనవరి 4 నైట్రో. అది మా ఊరు చేరేసరికి పండగ రోజులు. ఆ రాత్రి రెండు పనులు చేశారు మావాళ్లు. అటు 'రా' షోలో మ్యాన్‌కైండ్ బెల్ట్ గెలవబోతున్నాడని, అది ముందే రికార్డయిన షో కాబట్టి, మావాళ్లు మా షోలోనే చెప్పేశారు. అటు వెళ్లకుండా ఆపుదామని వాళ్ల ఆలోచన. లక్షల మంది అది విని అటే తిప్పారు. మ్యాన్‌కైండ్ గెలవడం చూడాలని ఎవరికుండదు? తన్నులు తిని తిని, పళ్లూడి, ఒకసారి పంజరం మీంచి కింద పడి కూడా లేచి నిలబడ్డ మనిషి. నేనే అక్కడ ఉంటే, అంత డబ్ల్యూసీడబ్ల్యూ వాణ్ణి అయ్యుండీ, నేనూ తిప్పేవాణ్ణి.

రెండో పని ఇంకా ఘోరం. గోల్డ్‌బర్గ్‌ని పోలీసులు పట్టుకెళ్లినట్టు చూపించి పక్కకి తప్పించి, నాష్‌నీ హోగన్‌నీ బెల్ట్ కోసం రింగులోకి దింపారు. హోగన్ చూపుడువేలితో నాష్ గుండె మీద పొడిచాడు. ఒక్క వేలు. నాష్ తుపాకీ దెబ్బ తిన్నట్టు వెల్లకిలా పడ్డాడు. హోగన్ పైన పడుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. ఇద్దరూ కావలించుకున్నారు.

మా గోదావరి జిల్లాల్లో సంక్రాంతి మూడు రోజులూ బరుల దగ్గర జనం ఎలా ఉంటారో తెలుసు కదా. డేగ మీద కట్టినవాడు ఓడిపోతాడు, కాకి మీద కట్టినవాడు గెలుస్తాడు, ఓడినవాడు తువ్వాలు దులుపుకుని వెళ్తాడు. కానీ ఒక కోడి దెబ్బ తగలకుండా కావాలని పడిపోయిందని జనానికి అనుమానమొస్తే? ఆ బరి మిగలదు. మర్నాటినుంచి ఆ బరి దగ్గరికి ఎవరూ రారు. ఆ వేలు పోటు చూసిన రాత్రి నాకు కచ్చితంగా అలాగే అనిపించింది. తాతయ్య టీవీ వైపు చూసి "ఇదేంట్రా" అని కూడా అనలేదు. లేచి పడుకోవడానికి వెళ్లిపోయారు. మళ్లీ గోగ్రహణం మాట ఎత్తలేదు.

ఆ వేసవిలోనే బావ కంపెనీ కుస్తీవాడు ఓవెన్ హార్ట్ పోయాడు. మే 23న కాన్సస్ సిటీలో, పైనుంచి తాడుతో దిగే వేషం వేయించారు, కొక్కెం ఊడి కింద రింగులో పడ్డాడు. బావ చెప్పడానికి మా ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. "మనిషి పోయాక కూడా షో ఆపలేదంట్రా" అన్నాడు చివరికి. వాడి కంపెనీ మీద వాడికి అంత కోపం రావడం నేను అంతకుముందు చూడలేదు. స్టింగ్ కూడా అలాగే తాళ్ల మీద దిగేవాడు. నాకు ఆ రోజు ఆ దిగడం తల్చుకుంటే భయమేసింది. కంపెనీల మాట ఇద్దరం ఎత్తలేదు.

నైట్రో చచ్చిపోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. 2001 మార్చి 26న ఫ్లోరిడాలో ఆఖరి షో. ఆఖరి మ్యాచ్ స్టింగ్, రిక్ ఫ్లెయిర్. ఆ కంపెనీని మొదట్నుంచీ మోసిన ఇద్దరూ ఆఖర్న కావలించుకున్నారు. అంతకు కొద్ది రోజుల ముందే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ యజమాని విన్స్ మెక్‌మాన్ దాన్ని కొనేశాడు. ఒకప్పుడు ఎనభై మూడు వారాలు తనని ఓడించిన కంపెనీని, కొద్ది మిలియన్ల డాలర్లకి. మా తోట బేరం కూడా అంతకంటే గౌరవంగా జరుగుతుంది అనిపించింది.

కబురు చెప్పింది బావే. ట్యూషన్ నుంచి వస్తుంటే సైకిల్ అడ్డం పెట్టాడు. "మీ కంపెనీ మావాళ్లు కొనేశారంట" అన్నాడు. కనుబొమ్మ లేపుతాడని చూశాను. లేపలేదు.

ఆ తర్వాత ఇన్వేజన్ అన్నారు. డబ్ల్యూసీడబ్ల్యూ వాళ్లు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ మీదికి దండయాత్రకి వస్తున్నారని. నేను సిగ్గు విడిచి మావయ్యగారింట్లో కూర్చుని చూశాను. స్టింగ్ లేడు, గోల్డ్‌బర్గ్ లేడు, హోగన్, నాష్, హాల్ ఎవరూ లేరు. పాత కాంట్రాక్టుల డబ్బు ఇంట్లో కూర్చున్నా వస్తుంటే వాళ్లెందుకొస్తారు? వచ్చినవాళ్లని వచ్చినట్టే తన్నారు. బుకర్ టీ లాంటివాడికి కూడా విలువ లేదు. నవంబరుకల్లా ఆ కథ ముగించేశారు. రాకరాక వచ్చిన బంగారుబాతుని కోసుకు తిన్నారు. ఇది అభిమానిగా నా మాట, ఎవరొచ్చి వాదించినా మార్చుకోను. ఏళ్ల తరబడి రెండు ఊళ్లు ఎదురుచూసిన పోరుని ఒక ఊరివాడే రెండు పక్కలా నిలబడి ఆడాడు.

విచిత్రమేంటంటే నాకంటే బావ ఎక్కువ నిరుత్సాహపడ్డాడు. "గెలిచినా మజా లేదురా" అన్నాడు. కనుమ రోజు జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ల ప్రభలు వస్తాయి. గంగలకుర్రు ప్రభ కౌశిక దాటుతుంటే గట్టు మీద జనం పిచ్చెత్తినట్టు అరుస్తారు. మా ప్రభ ఎత్తా, మీ ప్రభ ఎత్తా అని నెల ముందునుంచీ పట్టింపులు. ఒక ఏడాది ఒక్క ఊరి ప్రభే వస్తే? తోట అదే, తీర్థం అదే, జీళ్లు ఖర్జూరం అన్నీ ఉంటాయి. చూడ్డానికి ఎవరెళ్తారు? 2002 మేలో వాళ్ల కంపెనీ పేరు కూడా డబ్ల్యూడబ్ల్యూఈ అయింది. ఆ మూడు అక్షరాలు తమవని వన్యప్రాణుల సంస్థ కోర్టుకెళ్లి గెలిచింది. టెన్ స్పోర్ట్స్ వచ్చి రోజూ ఏదో ఒకటి వేసేవారు. అప్పటికి మేమూ కొత్త టీవీ కొన్నాం. అన్ని చానళ్లూ వచ్చేవి. చూసేవాళ్లం, కానీ పోట్లాడుకోవడానికి ఏమీ లేదు. బావ మెల్లగా మానేశాడు.

తర్వాత వాడు కువైట్ వెళ్లిపోయాడు, మావైపు చాలామందిలాగే. నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో పడ్డాను. టీఎన్‌ఏ అని ఇంకో కంపెనీ వచ్చింది, స్టింగ్ అందులో చాలా ఏళ్లు ఉన్నాడు. ఏజే స్టైల్స్ ఆట కోసం అది చూసేవాణ్ణి. వాళ్లకి ఆరు పక్కల రింగు ఉండేది, అదే వాళ్ల గుర్తు. 2010లో హోగన్ని తెచ్చి పెత్తనం ఇచ్చారు. వచ్చీ రాగానే ఆ ఆరు పక్కల రింగు తీయించేశాడు. నేను అక్కడితో ఆపేశాను.

2015 మార్చి 29 మాత్రం మానలేకపోయాను. డబ్ల్యూసీడబ్ల్యూ పోయిన పద్నాలుగేళ్లకి స్టింగ్ డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్ల అతి పెద్ద షో రెసిల్‌మేనియాలో అడుగుపెట్టాడు. ఎదురుగా ట్రిపుల్ హెచ్. వాళ్లంతట వాళ్లే దాన్ని పాత రెండు కంపెనీల యుద్ధంలా చూపించారు. స్టింగ్‌కి సాయంగా ఎవరొచ్చారో తెలుసా? ఎన్‌డబ్ల్యూఓ. హోగన్, నాష్, హాల్. ఎవరి వల్ల ఆ మనిషి ఏడాదిపాటు పైకప్పు మీద మౌనంగా నిలబడ్డాడో వాళ్లే. కౌరవులొచ్చి అర్జునుడికి రథం తోలినట్టు. అంతా అయ్యాక సమ్మెట దెబ్బ తిని స్టింగ్ ఓడిపోయాడు. లేచి ట్రిపుల్ హెచ్‌కి చెయ్యి కూడా కలిపాడు. పద్నాలుగేళ్ల కిందట కొనేసిన కంపెనీని మళ్లీ ఓడించి ఏం బావుకున్నారు? ఫోన్ మోగింది. కువైట్ నంబరు. చాలా నెలల తర్వాత.

"చూశావేంట్రా?"

"చూశాను బావా."

"ఎంత పనిచేశార్రా. ఆ రోజుకైనా గెలిపించాల్సింది" అన్నాడు. వాడు మానేశాననుకున్నాను. మానలేదు. డ్యూటీ నుంచొచ్చి నిద్రమానేసి చూశాడట.

అక్కడినుంచి ఫోన్లు మళ్లీ మొదలయ్యాయి. 2019లో ఏఈడబ్ల్యూ అని కొత్త కుస్తీ కంపెనీ వచ్చింది, అక్టోబరులో వాళ్ల షో పెట్టారు, అమెరికాలో టీఎన్‌టీ చానల్లోనే. ఆ పేరు చదివి నాకు పదకొండో బటన్ గుర్తొచ్చింది. వెంటనే అటు చేరిపోయాను. బావ డబ్ల్యూడబ్ల్యూఈ వైపే ఉన్నాడు. పాత సోమవారాలు తిరిగొచ్చినట్టే అయింది మాకు. ఏఈడబ్ల్యూలో నచ్చనివి లేవా అంటే బోలెడు. చేతి నిండా మంచి ఆటగాళ్లని తెచ్చుకుని నెలల తరబడి కూర్చోబెడతారు. సీఎం పంక్ అనే ఆటగాడు ఏడేళ్ల తర్వాత చికాగోలో తిరిగొచ్చినప్పుడు నాకు కన్నీళ్లొచ్చాయి, రెండేళ్లకే గొడవలు పడి అతణ్ణి పంపేశారు. అతను మళ్లీ చికాగోలోనే డబ్ల్యూడబ్ల్యూఈలో నడుచుకుంటూ వస్తే ఆ రోజు బావ నాకు పన్నెండు మెసేజీలు పెట్టాడు. పెట్టనీ. కోపం రావాలంటే ముందు ప్రేమ ఉండాలి కదా. డబ్ల్యూడబ్ల్యూఈ కథలు ఇప్పుడు బాగుంటున్నాయంటే, పక్కన ఇంకో కొట్టు తెరిచి ఉండబట్టేనని నా నమ్మకం. బావ ఒప్పుకోడు.

2023 సెప్టెంబరు 8న డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్లు హైదరాబాద్ వచ్చారు. బావ సెలవు మీద వచ్చి ఉన్నాడు. ఇద్దరం గచ్చిబౌలి వెళ్లాం. స్టేడియం మీద జీఎంసీ బాలయోగి గారి పేరు చూసి బావ కాసేపు ఆగిపోయాడు. ఎదుర్లంక మనిషి, మా అమలాపురం ఎంపీగా, లోక్‌సభ స్పీకరుగా చేసినాయన. "మన కోనసీమోళ్ల గుమ్మంలోకే వచ్చార్రా వీళ్లు" అన్నాడు. లోపల జాన్ సీనా వచ్చినప్పుడు జనం అరుపుకి ఛాతీ అదిరింది. బావ వేసుకున్నది ఆస్టిన్ బొమ్మ చొక్కా. నేను వేసుకున్నది నల్లచొక్కా, స్టింగ్ ముఖం ఉన్నది. అక్కడ నాలాంటి చొక్కా ఇంకొకటి చూశాను. ఆ అబ్బాయికి పాతికేళ్లు కూడా ఉండవు. మేమిద్దరం మాట్లాడుకోలేదు, తలూపుకున్నాం.

స్టింగ్ 2020 డిసెంబరులో ఏఈడబ్ల్యూకి వచ్చాడు. 2024 మార్చి 3 రాత్రి, గ్రీన్స్‌బరోలో ఆఖరి కుస్తీ. అరవై నాలుగేళ్ల మనిషి. మాకు అప్పుడు సోమవారం పొద్దున్న. అమ్మకి ఒంట్లో బాగోలేక నేను ఊళ్లో ఉన్నాను. తాతయ్య మంచం ఉండే చోటే కుర్చీ వేసుకుని ఫోన్లో చూశాను. స్టింగ్ కొడుకులిద్దరూ తండ్రి పాత వేషాలు వేసుకుని ముందు వచ్చారు, ఒకడు రంగురంగుల పాత స్టింగ్, ఒకడు ఎర్రరంగు ముఖం స్టింగ్. జోడీగా డార్బీ ఆలిన్. ఎదురుగా యంగ్ బక్స్ అనే జోడీ. అద్దాలు పగిలాయి, బల్లలు విరిగాయి. ఎన్ని దెబ్బలు కొట్టినా లేస్తూనే ఉన్నాడు. చివరికి స్కార్పియన్ డెత్‌లాక్ బిగించాడు. రిఫరీ లెక్కలో తేడా లేదు, బెల్ట్ ఎవరూ లాక్కోలేదు. ఏఈడబ్ల్యూలో ఒక్కసారి కూడా ఓడకుండా దిగిపోయాడు.

గోగ్రహణం వచ్చింది తాతయ్యా, అని పైకే అన్నాను. లోపల్నుంచి అమ్మ "ఎవరితోరా?" అంది.

కువైట్ నుంచి ఫోన్. కంపెనీ బస్సులో ఉన్నట్టున్నాడు, వెనకాల హారన్లు. "మీవాడు గెలిచేశాడ్రా" అన్నాడు. గొంతు జీరగా ఉంది. కొంచెంసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత వాడే అన్నాడు, "ఏదేమైనా వచ్చే నెల రెసిల్‌మేనియా ముందు ఇవన్నీ దిగదుడుపేలే."

"మీ రాక్ వచ్చి కోడీ రోడ్స్ చోటు లాక్కోబోతే జనం గోల పెట్టి ఆపారు, అదేనా మీ గొప్ప?" అన్నాను.

"జనం మాట విన్నారా లేదా? మీవాళ్లు ఎప్పుడైనా విన్నారా?"

"కోడీని పెంచింది ఎవరు బావా? ఏఈడబ్ల్యూ పెట్టినవాళ్లలో అతనొకడు."

"పెంచుకున్నవాణ్ణి నిలుపుకోవడం రాలేదుగా! మొదట్నుంచీ మీకది అలవాటే" అన్నాడు. నాకు మంట నెత్తికెక్కింది. నోరు తెరిచేలోపు వాడి బస్సు ఆగింది. "ఉండు, రాత్రి డ్యూటీ దిగాక నీ సంగతి చెప్తా" అని పెట్టేశాడు.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ మోగింది. అమ్మకి మందులిచ్చి, అరుగు మీదకొచ్చి ఎత్తాను.